విమానమున మూడవ యాసనము

ఒక పనికి ఎందరు మనుష్యులు కావలయునను ప్రశ్న పైకి మిక్కిలి సులభముగ గనుపట్టును. కూలి యిచ్చువానికి తక్కువమంది చాలుననియు, కూలి పుచ్చుకొనువానికి ఎక్కువమంది కావలయుననియు దోచుట లోకసహజము. ఇరువురును బేరమాడుకొని యొక లెక్కకు వత్తురు. కాని ఆ పనిమీద ఇతరుల ప్రాణము లాధారపడి యున్నప్పుడు ఆ బేరము వా రిరువురితో ముగియునది గాదు. అందు మూడవ పక్షమొకటి కలదు. అది ప్రజల పక్షము. విమానయానమున నేడు మరల తలయెత్తుచున్న ప్రశ్న యిట్టిదే.

విమానమెక్కి కూర్చుండిన ప్రయాణికుడు తనకు ముందున్న తలుపున కావల నెంద రున్నారో సామాన్యముగ విచారింపడు. సముద్రములు దాటు విమానములలో ఒకప్పుడు ఆ తలుపున కావల ఐదుగు రుండిరి. తరువాత నలుగురైరి, పిమ్మట ముగ్గురు, నేడు ఇద్దరు. ఇక కొంతకాలమునకు ఒక్కడే చాలునని విమాననిర్మాతలలోను, కంపెనీలలోను తలంచువారు కలరు. ఐదుగురు ఇద్దరైనప్పుడు మిన్ను విరిగి మీద పడలేదు గదా, ఇద్దరు ఒక్కడైన నేమి యను సందేహము పాఠకులకు సహజముగ గలుగును. దానికి సమాధానము కావలెనన్న, పోయిన ముగ్గురిలో కడపటివాడైన ఫ్లైటు ఇంజనీరు చరిత్ర మొక్కింత తెలిసికొనవలెను.

ఐదుగురి కాలము

సముద్రములమీద ప్రయాణికులను గొనిపోవు తొలినాటి విమానములకు ఓడల సంప్రదాయమే మార్గదర్శక మయ్యెను. ఓడకు కెప్టెను, దిక్కులు గుర్తించువాడు, యంత్రములు చూచువాడు వేర్వేరుగ నున్నట్లే విమానమునకును ఏర్పరచిరి. ఇద్దరు పైలటులు విమానమును నడుపుదురు. నావిగేటరు నక్షత్రములను జూచి, పటముమీద గీతలు గీచి, విమాన మెచ్చట నున్నదో నిర్ణయించును. రేడియో ఆపరేటరు భూమిమీది కేంద్రములతో వార్తలు జరుపును. యంత్రముల భారమంతయు ఫ్లైటు ఇంజనీరుది. 1939లో అట్లాంటిక్కు మహాసముద్రముపై ప్రయాణికులను చేరవేయ నారంభించిన బోయింగు 314 అను నీటివిమానమునకు రెక్కలలో మనుష్యుడు దూరిపోవుటకు దారి యుండెను. విమాన మెగురుచుండగనే ఇంజనీరు ఆ దారిని బోయి ఇంజన్లను సమీపించి, చిన్న మరమ్మతులు చేయగలిగెడివాడు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము వచ్చిన విమానములలో ఈ పని మరింత కఠిన మయ్యెను. బోయింగు స్ట్రాటోక్రూయిజరునకు నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనునకు 28 సిలిండర్లు. సిలిండ రొకటికి రెండేసి స్పార్కు ప్లగ్గులు. అనగా విమాన మొకటికి 224 ప్లగ్గులు. మన పల్లెలలో ఆయిలింజను పెట్టి తోటకు నీరు తోడించినవారికి దాని మొరాయింపు తెలియనిది కాదు. అట్టివి నాలుగు, ఒక్కొక్కటి 3,500 గుర్రముల బలము గలవి, క్రింద నీరు తప్ప మరియొకటి కానరాని చోట రాత్రింబవళ్లు నడువవలెనన్నచో వానిని కనిపెట్టియుండుటకే యొక మనుష్యుడు కావలసివచ్చుటలో వింత లేదు. అందువలననే 1948లో అమెరికా ప్రభుత్వము వారు 80,000 పౌండ్లకు, అనగా రమారమి 36 టన్నులకు, మించిన బరువుతో నెగురు విమానములలో ఫ్లైటు ఇంజనీరు ఉండితీరవలెనని శాసించిరి.

ఐదుగురిలో మొదట పోయినవాడు రేడియో ఆపరేటరు. రేడియోలో మాటలే స్పష్టముగ వినబడ నారంభించినంత పైలటే మాటలాడుకొనసాగెను. తన కదలికలను తానే కొలిచికొని స్థానమును దెలుపు యంత్రములు వచ్చిన పిదప నావిగేటరు పని పోయెను. 1970లో ప్రయాణికులకు లభించిన బోయింగు 747 అంతటి మహావిమానము నావిగేటరు లేకయే సముద్రములు దాటెను. ఈ యిద్దరు పోయినప్పుడు పెద్ద కలహము చెలరేగలేదు. కలహమంతయు మూడవ యాసనమును గురించియే జరిగెను.

ఆసనమునకై కలహము

1958లో బోయింగు 707 జెట్టు విమానములు అట్లాంటిక్కు దాటసాగెను. జెట్టు ఇంజనులో సిలిండర్లు లేవు. వాని బెడదయు లేదు. ఇంజనీరునకు ఇంజనుతోడి పోరాటము చాలవరకు తీరెను గాని యితర బాధ్యతలు పెరిగెను. ఏ ట్యాంకునుండి ఏ ఇంజనునకు చమురు పోవుచున్నది? ఇరుప్రక్కల రెక్కలలోని బరువు సమముగ నున్నదా? విద్యుత్తు పుట్టించు జనరేటర్లు సరిగ నున్నవా? ముప్పదివేల యడుగుల యెత్తున లోపలివారికి గాలి చాలుచున్నదా? పైలటుల వెనుక కుడిప్రక్క గోడ కమర్చిన పెద్ద పలకముందు గూర్చుండి ఆయన వీని నన్నిటిని కనిపెట్టుచుండెడివాడు.

అప్పుడే యొక తగవు పుట్టెను. ఆ యాసనమున గూర్చుండువాడు యంత్రవిద్య నేర్చిన మెకానికు కావలెనా, పైలటు కావలెనా? అది మాదని ఇంజనీరుల సంఘమువారు పట్టుపట్టిరి. అచ్చట నున్నవారందరును పైలటులే కావలెనని పైలటుల సంఘమువారు శాసించిరి. తగవు తెగకపోవుటచే కొన్ని కంపెనీలు ముగ్గురు పైలటులను, ఒక ఇంజనీరును, మొత్తము నలుగురిని గూర్చుండబెట్టి విమానములు నడిపినవి. 1961 ఫిబ్రవరిలో ఇంజనీరులు సమ్మె కట్టగా అమెరికాలోని పలు పెద్ద కంపెనీల విమానములు నేలమీదనే నిలిచిపోయెను. అధ్యక్షుడు కెన్నెడీ, విస్కాన్సిను విశ్వవిద్యాలయ న్యాయశాస్త్రాచార్యుడగు నేథన్ ఫైన్‌సింగరు ఆధిపత్యమున విచారణసంఘము నేర్పరచెను. జెట్టు విమానమునకు ముగ్గురు చాలుననియు, ఉన్న ఇంజనీరులకు పైలటు విద్యయు గరపి వారి జీవనమును గాపాడవలెననియు ఆ సంఘము త్రోవ జూపెను. ఉభయపక్షములవారును ప్రజాక్షేమము పేరనే వాదించిరి గాని, లోన నడచిన వ్యాజ్యము జీవనోపాధిని గూర్చినది. జీవనోపాధికై పోరాడుట దోషము గాదు. అయినను క్షేమప్రశ్నకు ఆ పోరాటమున జవాబు దొరకలేదు.

జవాబు మరియొక మార్గమున రాసాగెను. 1965లో బరువునుబట్టి ఇంజనీరును నిర్ణయించు నిబంధనను అమెరికావారు తొలగించి, పైలటులపై బడు పనిభారమునే ప్రమాణముగ గొనిరి. ఇద్దరికొరకే నిర్మింపబడిన డి.సి. 9, బోయింగు 737 విమానములు బయలుదేరెను. అయినను యునైటెడ్ మొదలగు కొన్ని కంపెనీలలో పైలటుల సంఘముతోడి యొడంబడికనుబట్టి 737లో సైతము మూడవవాడు చాలకాలము కూర్చుండెను. చేయదగిన పని యంతగా లేని యాసన మది. 1981లో ఈ వివాదమును దేల్చుటకు అధ్యక్షుడు రీగను నియమించిన సంఘము, జాన్ మెక్‌లూకస్ అధ్యక్షతన సాక్ష్యములు విచారించి, విమానమును అందులకు తగినట్లు నిర్మించినచో ఇద్దరితో నడపుట క్షేమమే యని జూలైలో నివేదించెను. ముగ్గురికొరకు రూపొందుచున్న బోయింగు 767 నిర్మాణములోనే ఇద్దరికి మార్పబడెను. ఆస్ట్రేలియాలోని యాన్సెట్టు కంపెనీ మాత్రము ముగ్గురి గదితోనే ఆ విమానములను గొనెను.

యంత్రమునకు సంక్రమించిన పని

ఇంజనీరును దించివేసి యాతని పలకను గోడకే యుంచినచో ఆ భారమంతయు పైలటుల నెత్తిన బడియుండును. అట్లు జరుగలేదు. ఆ పలకయే పోయెను. ఆయన కనిపెట్టుచు వచ్చిన సూచికల నన్నిటిని కంప్యూటరే కనిపెట్టి, ఏదైన చెడినప్పుడు మాత్రమే పైలటుల యెదుటి తెరమీద ఏమి చెడినదో వ్రాసి చూపును. 1989లో రాకపోకలు సాగించిన బోయింగు 747-400 చోదకుల గదిలో దీపములు, సూచికలు, స్విచ్చులు గలసి 971 నుండి 365కు తగ్గెను. మన దేశమున 1971లో ఎయిరిండియాకు వచ్చిన 747లలో ముగ్గురు కూర్చుండిరి. 1993లో వచ్చిన 747-400లలో ఇద్దరే కూర్చుండిరి. ధ్వనివేగమును మించి పోయెడి కాంకార్డు విమానమున మాత్రము, వేగము మారినప్పుడెల్ల టన్నులకొలది చమురును ముందు వెనుకల ట్యాంకులకు మార్చి తూకము నిలుపుటకై ఇంజనీరు కడవర కుండెను. 2003లో ఆ విమానములు విశ్రమించెను. యాంటొనోవ్ 124 వంటి పాత సోవియట్టు సరకు విమానములలో ఫ్లైటు ఇంజనీరులు నేటికిని గలరు. ప్రయాణికుల విమానములలో ఆ యాసనము దాదాపు చరిత్రలో గలసినది.

ఇద్దరితో నడచిన ఈ నాలుగు దశాబ్దములలో విమానయానము మునుపటికంటె క్షేమమైనదే గాని అపాయకరము గాలేదు. ఇందులకు కారణములు పెక్కులు గలవు. అయినను, మూడవవాడు పోయిన ప్రళయము వచ్చునన్న వాదము నిలువలేదనుట న్యాయము.

తలల లెక్క

తల లెన్ని యున్న నంత క్షేమమనుటయు సరిగాదు. 1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి అమెరికాలోని మయామీ నగరమును సమీపించుచున్న యీస్టరన్ కంపెనీ విమానమున ముందు చక్రము దిగినట్లు చూపవలసిన చిన్న దీపము వెలుగలేదు. చోదకుల గదిలో ముగ్గురు ఉద్యోగులును, వారితో వచ్చిన కంపెనీ నిపుణు డొకడును ఉండిరి. అందరి దృష్టియు ఆ దీపముపైననే నిలిచెను. స్వయంచోదకయంత్రము పట్టు వదలి, విమానము మెల్లమెల్లగ దిగిపోవుచున్న సంగతి నెవ్వరును గమనింపలేదు. బురదనేలపై గూలి నూరుమందికి పైగ మరణించిరి. చెడినది దీపము మాత్రమే.

1978 డిసెంబరు 28వ తేదీన పోర్ట్‌లాండు నగరముపై తిరుగుచున్న యునైటెడ్ కంపెనీ డి.సి. 8 విమానమున జరిగినది వేరు. చక్రముల సందేహము దీర్చుకొనుటలో కెప్టెను మునిగియుండగా, చమురు తరిగిపోవుచున్నదని ఇంజనీరు తెలుపుచునే యుండెను. ఆ మాటకు తగిన బరువు దొరకలేదు. చమురు నిండుకొని విమానము కూలి, ఇంజనీరుతో గూడ పదిమంది మృతినొందిరి. మూడవ నోరున్నను వినుచెవి లేనిచో ఫలము లేదని లోకము గ్రహించెను. కెప్టెను క్రిందివారి మాట నాలకించుటయు, క్రిందివారు జంకులేక చెప్పుటయు ప్రత్యేకవిద్యగ నేర్పుట 1981లో ఆ కంపెనీలోనే ప్రారంభమై, నేడు అన్ని దేశములకును వ్యాపించెను.

మన దేశపు దుఃఖమొకటి ఇచ్చట స్మరింపదగియున్నది. 1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయినుండి దుబాయికి బయలుదేరిన ఎయిరిండియా 747, ‘ఎంపరర్ అశోక’, కొలదినిమిషములలో బాంద్రా యెదుట సముద్రమున గూలెను. 213 మందిలో నొక్కడును బ్రదుకలేదు. విమానము వంపును దెలుపు పరికరము కెప్టెను ముందు తప్పుగ జూపగా, చీకటిలో ఆయన దానినే నమ్మెను. దాని ననుసరింపవలదని ఇంజనీరు కడపటి క్షణములలో హెచ్చరింపజూచినట్లు సంభాషణల ధ్వనిముద్రికవలన దెలియవచ్చెను. చూచిన కన్ను మూడవది; కాని వ్యవధి చాలలేదు.

పోయినవాని విధి

ఇంతవరకు జెప్పినవి మూడవవాడున్న విమానముల సంగతులు. ఆయన పోయిన తరువాతి సంగతి యొకటి వినదగినది. 1983 జూలై 23వ తేదీన కెనడా దేశమున ఎయిర్ కెనడా వారి క్రొత్త బోయింగు 767 ఒకటి 41,000 అడుగుల యెత్తున బోవుచుండగా చమురు పూర్తిగ నిండుకొని రెండింజన్లు నాగిపోయెను. చమురును జూపు సూచికలు ముందే చెడియుండుటచే, ట్యాంకులలో పుల్లతో గొలిచి, లీటర్లను బరువుగ మార్చి లెక్కగట్టిరి. ఆ లెక్కలో కిలోగ్రాములకు రావలసిన 0.8కి బదులు పౌండ్లకు సరిపడు 1.77 అను అంకెను వాడిరి. 22,300 కిలోగ్రాములు కావలసియుండగా 22,300 పౌండ్లు, అనగా సగమునకును తక్కువ, చమురుతో విమాన మెగిరెను. కెప్టెను ఇంజన్లులేని గ్లైడర్లు నడుపుటలోగూడ నేర్పరి యగుటచే, గిమ్లీ యను నూర పాత సైనికవిమానాశ్రయమున దానిని దించగలిగెను. లోపలి 69 మందియు బ్రదికిరి.

ఈ తప్పు ఎవ్వరిది? మునుపటి విమానములలో చమురు లెక్క ఫ్లైటు ఇంజనీరు బాధ్యత. ఆ యుద్యోగమును తొలగించిన కంపెనీ, ఆ లెక్క ఇకమీద నెవరిదో స్పష్టముగ నిర్ణయింపలేదని విచారణలో తేలెను. మనుష్యుడు పోయెను, వాని జీతము పోయెను, వాని విధి మాత్రము పోలేదు. అది నాథుడు లేక గాలిలో వ్రేలాడుచుండి, ఒకదినమున తన యునికిని చాటుకొనెను. ఉద్యోగములు తగ్గించు ప్రతి సంస్థయు, అది విమాన కంపెనీ యైనను, ప్రభుత్వ కార్యాలయ మైనను, ఈ కథను గోడకు వ్రాసి పెట్టుకొనదగును.

లెక్కకు రాని పని మరియొకటి కలదు. 1989 జూలై 19వ తేదీన యునైటెడ్ వారి డి.సి. 10 తోకలోని ఇంజను పగిలి, చుక్కానులను గదలించు హైడ్రాలికు మార్గములు మూడును దెగిపోయెను. ఉన్న ముగ్గురి చేతులు చాలలేదు. ప్రయాణికులలో నున్న శిక్షకపైలటు నొకనిని లోనికి బిలిచిరి. ఆయన పైలటుల నడుమ మోకరిల్లి, మిగిలిన రెండింజన్ల వేగమును హెచ్చించుచు తగ్గించుచు, కెప్టెను చెప్పినట్లు విమానమును మలపెను. సూసిటీ నగరమున అది నేలబడి ముక్కలైనను 296 మందిలో నూటయెనుబదిమందికి పైగ బ్రదికిరి. 2010 నవంబరు 4వ తేదీన సింగపూరునుండి లేచిన క్వాంటస్ వారి ఎయిర్‌బస్సు 380లో ఇంజను పేలినప్పుడు, ఇద్దరికొరకు నిర్మింపబడిన ఆ గదిలో దైవవశమున ఐదుగురు పైలటు లుండిరి. తెరపై వరుసగా వచ్చిపడిన హెచ్చరికలను తీర్చుటకే రమారమి యేబది నిమిషములు పట్టెను. 469 మందియు క్షేమముగ దిగిరి. యంత్రము నిత్యకృత్యమును హరించినది. ఆపత్కాలపు పనిని మాత్రము పూర్తిగ హరింపలేదు.

ఇద్దరినుండి ఒకనికి

ఇక నేటి ప్రతిపాదన. దూరప్రయాణముల విమానములలో నేడు ముగ్గురు నలుగురు పైలటులు వంతులవారిగ విశ్రమించుచు నడుపుచున్నారు గాని, చోదకస్థానమున నెప్పుడును ఇద్దరుందురు. విమానము పైకెక్కి నిలుకడగ బోవునంతసేపును ఒక్కడే కూర్చుండి, రెండవవాడు నిద్రించుట మొదటిమెట్టుగ దలపెట్టబడినది. కడకు మొదటినుండి తుదివరకు ఒక్కడే యుండుట రెండవమెట్టు. ఐరోపా విమానక్షేమ సంస్థ దీనిని శోధింపించగా, ఇద్దరున్నప్పటి క్షేమమునకు ఇది సమానమని నేటి సాధనములతో ఋజువు చేయజాలమని 2025లో ప్రకటితమైన పరిశోధనలో దేలెను. పైలటుల సంఘములు మొదటినుండియు నిరాకరించుచున్నవి. ఉద్యోగభయముచే నట్లనుచున్నారని కొందరందురు. ఉండవచ్చును. వాదించువానికి లాభమున్నంతమాత్రమున వాద మసత్యము గానేరదు. జీతములు మిగుల్చుకొను కంపెనీకిని లాభమున్నది గదా.

మూడవవానిని దీసివేయుటకును, రెండవవానిని దీసివేయుటకును స్వభావమునందే భేదము గలదు. మూడవవానితో ప్రధానముగ పోయినది శ్రమ. రెండవవానితో పోవునది సాక్షి. మన రైళ్లయందు ఆవిరి ఇంజన్లు పోయినప్పుడు బొగ్గు వేయు ఫైర్‌మాను పని పోయెను. అయినను లోకోపైలటు ప్రక్కన సహాయకుని నిలిపియే యున్నారు. సిగ్నలు కనబడినప్పుడు దాని సూచనను ఒకరికొకరు బిగ్గరగ జెప్పుకొనుట వారి విధి. ఆ రెండవవాడు బొగ్గుకొరకు గాదు, కన్నుకొరకు. 2009లో బ్రస్సెల్సునుండి అమెరికాకు బోవుచున్న కాంటినెంటల్ వారి విమానమున కెప్టెను సముద్రముపైననే మరణించెను. తక్కిన పైలటులు విమానమును క్షేమముగ దించిరి. 2015 మార్చి 24వ తేదీన జర్మన్‌వింగ్సు విమానమున కెప్టెను క్షణకాలము బయటికి రాగా, లోనున్నవాడు తలుపు బిగించుకొని బుద్ధిపూర్వకముగ కొండకు గొట్టెను. 150 మంది మరణించిరి. ఒంటరిమనుష్యుని దేహమును, చిత్తమును ఎంతవరకు నమ్మవచ్చునో ఈ రెండును జెప్పుచున్నవి.

యంత్రాభివృద్ధికి అడ్డు నిలుచుట మా యభిమతము గాదు. కపిల పోయి ఇంజను వచ్చినప్పుడు విచారించినవారును నేడు కపిలను గోరుటలేదు. మేము కోరున దింతే. ఒక యుద్యోగమును దీసివేయునప్పుడు అందలి విధులను ఒక్కొక్కటిగ వ్రాసి, ప్రతిదానికిని నాథుని జూపవలెను. విమానము నమ్ముకొనువాడును, టిక్కెట్టు నమ్ముకొనువాడును గాక, వారితో పొత్తులేని విచారణసంఘము, 1981లో వలె, సాక్ష్యములు గైకొని తీర్పు చెప్పవలెను. ఆ తీర్పు వెన్నెలరాత్రి ప్రశాంతముగ సాగు ప్రయాణమును బట్టి గాక, ఇంజను పగిలిన ఘడియను బట్టి యుండవలెను. నిత్యము పనిలేక కూర్చున్నట్లు కనుపట్టువాని జీతము వ్యర్థవ్యయముగ దోచవచ్చును. చెరువుగట్టు కావలివాడును ఏడాదిలో మూడువందల దినములు ఊరక కూర్చున్నవానివలెనే యుండును. గట్టుక్రింద పొలమున్నవా రెవ్వరును వాని కూలిని వ్యర్థమనరు.